గడ్డకట్టిన మెకంజీ నదిమీదుగా అక్లావిక్ ఊరికి కారులో వెళ్లడం ఎలా

కెనడా వాయవ్య కొసన, ఆర్కిటిక్ వలయానికి కూడా పైన, మెకంజీ నది సముద్రంలో కలిసే ముందు లెక్కలేనన్ని పాయలుగా చీలిపోతుంది. ఆ డెల్టాకు పడమటి వైపున, పీల్ పాయ ఒడ్డున, సుమారు 600 మంది నివసించే అక్లావిక్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి వారిలో ఎక్కువమంది గ్విచిన్, ఇనువియాలుయిట్ అనే రెండు ఆదివాసీ జాతులకు చెందినవారు. వేసవిలో ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలోనో చిన్న విమానంలోనో వెళ్లాలి. చలికాలంలో మాత్రం నదే రోడ్డు అవుతుంది. సాధారణంగా డిసెంబరు రెండో సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా, తూర్పున ఉన్న ఇనువిక్ పట్టణం నుంచి గడ్డకట్టిన పాయల మీదుగా కారులో అక్లావిక్ చేరవచ్చు. పక్షి ఎగిరే దారిలో 55 కిలోమీటర్లే అయినా, మెలికలు తిరిగే పాయల వెంట సాగే ఈ మంచు రోడ్డు దాదాపు 120 కిలోమీటర్లు ఉంటుంది.

కాల్గరీ, ఎడ్మంటన్, టొరంటో నగరాల్లో స్థిరపడిన తెలుగువారిలోనూ, మన ఊళ్ల నుంచి కెనడా చూడడానికి వచ్చేవారిలోనూ ఈ ప్రయాణం మీద ఆసక్తి ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ రోడ్డును పర్యాటకుల కోసం వేయరు. ఏడాదంతా విమానంలో తెచ్చుకుంటే మోయలేని ఖర్చయ్యే సరుకును, ఇంటి సామానును, బరువైన యంత్రాలను అక్లావిక్ ప్రజలు లారీల్లోనూ సొంత వాహనాల్లోనూ తెచ్చుకునేది ఈ కొద్ది నెలల్లోనే. వారి రోడ్డు మీద మనం అతిథులం. వేగం దగ్గర నుంచి ఫోటోల దాకా, కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ విషయాన్ని మనసులో పెట్టుకుంటే వాటంతట అవే తోస్తాయి.

ఏ నెలలో వెళ్లాలి

ఇనువిక్‌లో డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా, అంటే సుమారు 30 రోజులు, సూర్యుడు అసలు ఉదయించడు. మధ్యాహ్నం వేళ కొన్ని గంటలు మసక వెలుతురు ఉంటుంది కానీ, కొత్తవారు నది మీద కారు నడపడానికి అది చాలదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మైనస్ 40 డిగ్రీలు అసాధారణం కాదు. అందుకే మొదటిసారి వెళ్లేవారు మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం మధ్య వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో పగలు పన్నెండు గంటలకు దగ్గరపడి త్వరలోనే దాన్ని దాటుతుంది, గడ్డమంచు ఆ ఏటి గరిష్ఠ మందానికి దగ్గరగా ఉంటుంది, చలి కూడా కాస్త సడలుతుంది. ఆ రోజుల్లోనే ఇనువిక్‌లో నది మీద మస్క్‌రాట్ జాంబోరీ అనే సంబరం జరుగుతుంది. కుక్కల బండ్ల పందేలు, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) పందేలు చూడవచ్చు. ఏప్రిల్ రెండో సగంలో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. రోడ్డు తెరిచే ఉన్నా పైన నీళ్లు నిలుస్తాయి, ఒడ్డు దగ్గర మంచు మెత్తబడుతుంది, ఏ రోజు మూసేస్తారో ముందుగా తెలియదు.

పాత యాత్రా కథనాలు చదివి బయలుదేరేవారికి మరో మాట. ఇనువిక్ నుంచి సముద్రతీరాన ఉన్న టుక్టోయాక్టుక్ దాకా ఒకప్పుడు 187 కిలోమీటర్ల మంచు రోడ్డు ఉండేది. 2017 ఏప్రిల్‌లో దాన్ని చివరిసారిగా మూసివేశారు. అదే ఏడాది నవంబరు 15న నేల మీద వేసిన 138 కిలోమీటర్ల శాశ్వత రహదారి తెరుచుకుంది. కాబట్టి ఈ ప్రాంతంలో నది మీద కారు నడిపి ఒక ఊరు చేరాలంటే ఇప్పుడు వెళ్లవలసింది అక్లావిక్‌కే.

ఇనువిక్ దాకా

ఇనువిక్ చేరడానికి రెండు మార్గాలున్నాయి. యెల్లోనైఫ్ నుంచి గానీ వైట్‌హార్స్ నుంచి గానీ విమానంలో వెళ్లి, అక్కడ వాహనం అద్దెకు తీసుకోవడం మొదటిది. సొంత వాహనంలో డెంప్‌స్టర్ హైవే మీదుగా వెళ్లడం రెండోది. యూకాన్ ప్రాంతంలోని డాసన్ ఊరి దగ్గర మొదలయ్యే ఈ కంకర రోడ్డు దాదాపు 740 కిలోమీటర్లు. మొదటి 369 కిలోమీటర్లలో, అంటే ఈగల్ ప్లెయిన్స్ చేరేదాకా, పెట్రోలు బంకు లేదు. ఆ తరువాత ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లోనూ ఇనువిక్‌లోనూ దొరుకుతుంది. దారిలో పీల్ నదిని, మెకంజీ నదిని దాటాలి. వేసవిలో ఫెర్రీల మీద, చలికాలంలో మంచు వంతెనల మీద. శరదృతువులో ఫెర్రీలు ఆగిపోయాక మంచు వంతెనలు తయారయ్యేదాకా ఆ హైవే మధ్యలో తెగిపోయినట్టే ఉంటుంది. ఈగల్ ప్లెయిన్స్ దాటిన తరువాత రిచర్డ్‌సన్ కొండల దగ్గర గాలి ఎంత తీవ్రంగా వీస్తుందంటే, రోడ్డు కనిపించక ఒక్కోసారి రోజుల తరబడి గేట్లు మూసేస్తారు. అందువల్ల ఈ మార్గాన వెళ్లేవారు సెలవును నాలుగైదు రోజులు అదనంగా పెట్టుకోవాలి. చలికాలపు డ్రైవింగ్ బాగా అలవాటు లేనివారికి విమానమే మేలని నేను గట్టిగా చెబుతాను.

వాహనం అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందపత్రం పూర్తిగా చదవండి. చాలా ఒప్పందాల్లో మంచు రోడ్ల మీద జరిగే నష్టానికి బీమా వర్తించదని ఉంటుంది. అక్లావిక్ మంచు రోడ్డు మీద నడపవచ్చని రాతపూర్వకంగా ఉంటేనే తీసుకోవాలి. ఇండియా నుంచి వచ్చేవారు కెనడా సందర్శక వీసాతో పాటు మన ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను, అసలు లైసెన్సును వెంట ఉంచుకోవాలి. ఆ పర్మిట్ ఒక ఏడాదే చెల్లుతుంది. అయితే కాగితాలు ఉన్నంత మాత్రాన మంచు మీద నడపడం వచ్చినట్టు కాదు. మన ఎండల్లో ఎంత అనుభవం సంపాదించినా, కనీసం ఒక చలికాలం కెనడాలో నడిపిన వ్యక్తి చేతిలోనే స్టీరింగ్ ఉండాలి.

నది బరువును ఎలా మోస్తుంది

భయం పోవాలన్నా, ఉండవలసినంత భయం ఉండాలన్నా ఈ సంగతి తెలియాలి. గడ్డమంచు నీటి మీద తేలుతూ ఉంటుంది. కారు దాని మీదికి రాగానే ఆ పలక కంటికి కనిపించనంతగా కిందికి వంగుతుంది, కింద ఉన్న నీరు ఆ బరువును మోస్తుంది. పలక ఎంత వంగితే విరుగుతుందన్నది దాని మందాన్ని బట్టి ఉంటుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన లోర్న్ గోల్డ్ పేరుతో పిలిచే ఒక సూత్రం ఈ లెక్కకు ఆధారం. మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, దాన్ని 4తో గుణిస్తే, జాగ్రత్తపరులు వేసుకునే లెక్క ప్రకారం, ఆ పలక ఎన్ని కిలోలు మోయగలదో వస్తుంది. 30 సెంటీమీటర్ల మంచి గడ్డమంచు 3,600 కిలోలు మోస్తే, 60 సెంటీమీటర్లది 14,400 కిలోలు మోస్తుంది. మందం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. మార్చి నాటికి డెల్టాలోని రోడ్డు మీద మందం చాలాచోట్ల మీటరుకు దగ్గరగానో దాన్ని దాటో ఉంటుంది కాబట్టి కారుకు అది సమస్య కాదు.

అయితే ఈ లెక్క నీలిరంగులో అద్దంలా మెరిసే స్వచ్ఛమైన గడ్డమంచుకు వర్తిస్తుంది. పొడిమంచు తడిసి గడ్డకట్టగా ఏర్పడిన తెల్లటి మంచుకు అందులో సగం బలమే ఉన్నట్టు లెక్కించాలి. ప్రవాహం వేగంగా ఉన్నచోట, పాయలు కలిసేచోట మందం తగ్గుతుంది. పైన పొడిమంచు పేరుకుంటే అది గొంగడిలా కప్పి చలిని కిందికి దిగనివ్వదు. అందుకే రోడ్డు వేసేవారు ముందు తేలికైన వాహనాలతో వెళ్లి పొడిమంచును తొలగిస్తారు, చలిని లోపలికి దించుతారు, అవసరమైనచోట నీటిని పంపుతో పైకి తోడి పొరలు పొరలుగా గడ్డకట్టిస్తారు, రంధ్రాలు తొలిచీ రాడార్ పరికరాలతోనూ మందాన్ని కొలుస్తారు. మంచి రోడ్డు వెనుక వారాల శ్రమ ఉంటుంది. ఆ శ్రమ జరిగిన మేర మాత్రమే మనకు భద్రత. పక్కనే ఉన్న మరో పాయ అంతే చదునుగా, అంతే తెల్లగా, ఇంకా అందంగా కనిపించవచ్చు. గుర్తులు లేని ఆ పాయలోకి కారు దింపకూడదు. స్నోమొబైల్ జాడలు కనిపించాయని వాటి వెంట వెళ్లకూడదు. స్నోమొబైల్ బరువు వేరు, కారు బరువు వేరు.

బయలుదేరే ముందు

ఈ ఊళ్లున్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ (వాయవ్య ప్రాంతాలు) ప్రభుత్వ మౌలిక వసతుల శాఖ రోడ్ల స్థితిని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. ముందు రోజు రాత్రి ఒకసారి, ఉదయం బయలుదేరే ముందు మరోసారి చూడండి. రోడ్డు నది మీదికి దిగేచోట ఒక బోర్డు ఉంటుంది. అనుమతించే గరిష్ఠ బరువు దాని మీద రాసి ఉంటుంది. చలికాలం మొదట్లో తక్కువగా ఉండి, మంచు మందమయ్యే కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. కారుకు అది అడ్డు కాకపోయినా, వెనుక ట్రైలరు లాగుతున్నవారు, పెద్ద పికప్‌లో సరుకు నింపుకున్నవారు మొత్తం బరువు సరిచూసుకోవాలి.

వాహనానికి అన్నిటికంటే ముఖ్యమైనది బ్లాక్ హీటర్. రాత్రంతా ఇంజన్‌ను వెచ్చగా ఉంచడానికి దాని తీగను హోటల్ గోడకున్న ప్లగ్గులో పెడతారు. మైనస్ 35లో ఆ తీగ మెత్తదనం కోల్పోయి కర్రలా బిగుసుకుంటుంది. దాన్ని బలవంతంగా వంచితే పైపొర పగులుతుంది, కాబట్టి మెల్లగా, వదులుగా చుట్టాలి. అంతటి చలిలో బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది. పాత బ్యాటరీతో వెళ్లకూడదు. రాత్రంతా నిలిచిన టైరు నేలకు తాకినచోట చదునైపోయి, మొదటి కొద్ది దూరం కారు ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది. టైర్లు వేడెక్కేదాకా నెమ్మదిగా నడిపితే అది సర్దుకుంటుంది. టైర్లు చలికాలపువే కావాలి, మేకులున్నవైతే ఇంకా మంచిది. అద్దం కడిగే ద్రవం మైనస్ 45ను తట్టుకునేదై ఉండాలి. ఇనువిక్‌లో ట్యాంకు నిండా ఇంధనం పోయించుకుని, రాకపోకలకు అదే సరిపోయేలా చూసుకోవాలి.

ఈ దారిలో మొబైల్ సిగ్నల్ మీద ఆధారపడకూడదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒకటి అద్దెకైనా తీసుకోండి. మీరు ఎప్పుడు బయలుదేరుతున్నారు, ఎప్పటికి తిరిగి వస్తారు, మీ కారు రంగు ఏమిటి, ఇవన్నీ హోటల్‌లో ఒక వ్యక్తికి చెప్పి వెళ్లండి. కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ చలికి తగిన స్లీపింగ్ బ్యాగు, పార, లాగుడు తాడు, జంపర్ కేబుళ్లు, తలకు కట్టుకునే లైటు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, రెండు రోజులకు సరిపడే తిండి, ఫ్లాస్కుల్లో వేడినీళ్లు ఉండాలి. మామూలు సీసాలో నీళ్లు డిక్కీలో పెడితే గంటల్లో గడ్డకడతాయి. తిండి విషయంలో మన పల్లీ చిక్కీలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు ఇక్కడ ఎంతో పనికొస్తాయి, గడ్డకట్టినా తినవచ్చు. కోటు, చేతితొడుగులు, బూట్లు వెనుక సీటులో కాక, చేయి చాపితే అందేచోట ఉంచండి. గాలితో కలిపి చలి మైనస్ 40 దాటితే, కప్పుకోని చర్మం పది నిమిషాల లోపే గడ్డకట్టవచ్చు. ముక్కు, చెంపలు, చెవులు తెల్లబడి స్పర్శ పోతే వెంటనే లోపలికి వచ్చి వెచ్చబరచాలి, రుద్దకూడదు.

నది మీద నడిపేటప్పుడు

ఇనువిక్‌లో ఒడ్డు మీదుగా వాలుగా దిగి తూర్పు పాయ మీదికి చేరగానే మొదట ఆశ్చర్యం కలిగించేది రోడ్డు వెడల్పు. పట్టణాల్లోని రోడ్ల కంటే ఎంతో వెడల్పుగా శుభ్రం చేసి ఉంటుంది. అటు ఇటు పోసిన పొడిమంచు గట్ల బరువుకు అంచుల్లో పలక వంగి పగుళ్లిస్తుంది, ఆ గట్ల కింద చలి దిగక మంచు పలచగానూ ఉంటుంది. వాహనాలు ఆ అంచులకు దూరంగా ఉండేందుకే అంత వెడల్పు. కాబట్టి రోడ్డు మధ్య భాగానికి దగ్గరగా నడపండి, ఫోటో కోసం గట్టును ఆనుకుని ఆపకండి.

గాలి పొడిమంచును ఊడ్చేసిన చోట ఒకసారి కారు దిగి కాళ్ల కిందికి చూడండి. ముదురు నీలిరంగు గడ్డమంచులో తెల్లటి బుడగలు వరుసలుగా బిగుసుకుని ఉంటాయి, వాటి మధ్య పగుళ్లు నిలువు తెరల్లా లోపలికి దిగి కనిపిస్తాయి. ఆ పగుళ్లను చూసే, పగటి వేడికీ రాత్రి చలికీ మంచు సాగి ముడుచుకుంటూ చేసే పెద్ద శబ్దాలు వినే కొత్తవారు కంగారు పడతారు. పొడిగా ఉన్న పగులు సహజమే. పగులు తడిగా ఉన్నా, దాని నుంచి నీరు ఊరుతున్నా, రెండు అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా అక్కడ ఆగి వెనక్కి తిరగాలి. మంచు పైకి వచ్చిన నీరు పొడిమంచు కింద దాగి ఉండవచ్చు. బూడిదరంగులో తడిగా కనిపించే చోట్లకు దూరంగా ఉండండి.

వేగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కారు కదులుతున్నప్పుడు దాని కింద వంగిన పలకతో పాటు నీటిలో ఒక అల కూడా కదులుతుంది. లోతు తక్కువైన నీటిలో అల నెమ్మదిగా కదులుతుంది. మూడు మీటర్ల లోతున దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు, పది మీటర్ల లోతున సుమారు 35. వాహన వేగం ఆ అల వేగంతో సమానమైతే అల పెరుగుతూ పోయి మంచును వంచుతుంది. ఒడ్డుకు చేరుకునేటప్పుడు ఆ అల ఒడ్డును తాకి వెనక్కి మళ్లుతుంది కూడా. మందమైన మంచు మీద కారుకు ఇది పెద్ద ప్రమాదం కాదు కానీ లారీలకు నిజమైన ప్రమాదం. అందువల్ల ఒడ్డు ఎక్కే, దిగే చోట్ల బాగా నెమ్మదించాలి. లారీ ఎదురైతే మీరే వేగం తగ్గించి చోటివ్వాలి. లారీ వెనుక దగ్గరగా వెళ్లకూడదు. బోర్డు మీది వేగ పరిమితిని మించకూడదు. నాలుగైదు కార్లు గుంపుగా ఒకేచోట ఆపి నిలబడటం కూడా మంచిది కాదు. నిలిచి ఉన్న బరువు కింద మంచు మెల్లమెల్లగా సాగుతుంది.

నిజానికి ఈ రోడ్డు మీద కారుకు ఎక్కువగా పొంచి ఉన్నది మునిగిపోవడం కాదు, జారిపోవడం. నున్నటి మంచు మీద బ్రేకు తొక్కితే కారు ఆగదు. వేగం పెంచడం, తగ్గించడం, తిప్పడం అన్నీ మెల్లగా, ఒకదాని తరువాత ఒకటి చేయాలి. సీటు బెల్టు తప్పనిసరిగా పెట్టుకోండి. గాలి లేచి తెల్లటి పొడి కారు చుట్టూ కమ్ముకుంటే, లైట్లు వేసుకుని నెమ్మదించి, ముందున్న గుర్తు కర్ర కనిపించేదాకా తొందరపడకండి; కనిపించకపోతే వెనక్కి వెళ్లండి. కారు గట్టులో దిగబడితే ఇంజన్ ఆపి, పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును పారతో తీసిన తరువాతే మళ్లీ వేడి కోసం నడపాలి. లేకపోతే విషవాయువు లోపలికి చేరుతుంది. కారును వదిలి నడుచుకుంటూ వెళ్లడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ దారిన వచ్చే స్థానికులు ఆగిపోయిన వాహనాన్ని చూస్తే ఆగుతారు. మీరూ అలాగే ఆగి అడగాలి.

ఊరిలో

అక్లావిక్‌లో రోడ్డు నదిని వదిలి నేరుగా ఇళ్ల మధ్యకు వస్తుంది. పడమటి వైపు రిచర్డ్‌సన్ కొండలు తెల్లగా నిలబడి ఉంటాయి. 1912లో హడ్సన్స్ బే కంపెనీ వర్తకకేంద్రంతో పెరిగిన ఈ ఊరు కొన్ని దశాబ్దాల పాటు డెల్టా అంతటికీ ముఖ్య పట్టణం. మస్క్‌రాట్ అనే, నీటిలో తిరిగే పెద్ద ఎలుక లాంటి జంతువు తోళ్ల వ్యాపారం దాని బలం. వరదలు, ఒడ్డు కోత చూసిన ప్రభుత్వం 1950లలో ఈ ఊరిని ఖాళీ చేయించాలనుకుని, తూర్పున కొత్త పట్టణాన్ని కట్టింది, అదే ఇనువిక్. చాలామంది వెళ్లారు కానీ అందరూ వెళ్లలేదు. వెళ్లనివారు ‘ఎన్నటికీ పట్టు విడువం’ అనే అర్థం వచ్చే నినాదాన్ని ఊరికి పెట్టుకున్నారు. అక్కడి మనుషులతో మాట్లాడేటప్పుడు ఈ చరిత్ర తెలిసి ఉండటం మర్యాద.

ఎక్కువమంది పర్యాటకులు వెతికేది ‘పిచ్చి వేటగాడు’గా పేరుపడ్డ ఆల్బర్ట్ జాన్సన్ సమాధిని. 1931 చివరిరోజున ఒక పోలీసును కాల్చి గాయపరచి, జనవరిలో మరో పోలీసును చంపి, ఘోరమైన చలిలో కొండలు దాటి పారిపోయిన అతన్ని, విమానం సాయంతో కూడా వెంటాడి, 1932 ఫిబ్రవరి 17న కాల్చి చంపారు. అతని అసలు పేరేమిటో దశాబ్దాల పాటు తేలలేదు. ఆ సమాధి చూడటంలో తప్పులేదు కానీ, ఊరంటే అదొక్కటే అన్నట్టు చూసి ఫోటో తీసుకుని వెంటనే తిరిగిపోవడం మాత్రం నాకు నచ్చదు. ముందుగా ఊరి పంచాయతీ కార్యాలయానికి ఫోన్ చేసి వస్తున్నట్టు చెప్పండి. బస, భోజనం దొరుకుతాయో లేదో అక్కడే అడగండి. దొరకకపోతే వెలుతురు ఉండగానే తిరిగి ఇనువిక్ చేరేలా ఉదయమే బయలుదేరాలి. దుకాణంలో అవసరమైనంతే కొనండి. ఆ అరల్లో ఉన్నది ఊరివారి సరుకు. మనుషులను, ఇళ్లను, ఆరబెట్టిన తోళ్లను ఫోటో తీసే ముందు అడగండి. కట్టి ఉన్న కుక్కల దగ్గరికి వెళ్లకండి. కారిబూ అనే ఉత్తరాది జింక మాంసమో చేపో పెడితే, శాకాహారులైనవారు మొహం చిట్లించకుండా తమ అలవాటు చెప్పి, టీ తాగితే చాలు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి, వారి మౌనాన్ని తొందరపెట్టకండి.

రోడ్డు మూసిన తరువాత

మెకంజీ ఉత్తరానికి ప్రవహిస్తుంది. దక్షిణాన ఎగువ భాగం ముందుగా కరుగుతుంది, ఆ నీరు ఇంకా గడ్డకట్టి ఉన్న డెల్టాను ఢీకొంటుంది, విరిగిన మంచు పలకలు అడ్డుపడి వెనుక నీరు నిలుస్తుంది. 2006 మే నెలలో ఇలాగే వరద వచ్చి అక్లావిక్‌లో చాలామందిని ఖాళీ చేయించారు. కాబట్టి ఏప్రిల్ చివర రోడ్డు మూసినట్టు ప్రకటించిన తరువాత, నిన్న ఎవరో వెళ్లివచ్చారన్న మాట విని నది మీదికి దిగకూడదు. అడ్డు పెట్టిన గేటును తప్పించుకుని పక్కనుంచి వెళ్లకూడదు. అప్పటి నుంచి నది పూర్తిగా తెరుచుకుని పడవలు తిరిగేదాకా ఇనువిక్ నుంచి చిన్న విమానం ఒక్కటే దారి. మీ తేదీలు రోడ్డుతో కుదరకపోతే ఆ విమానంలో సీటు దొరుకుతుందేమో ఇనువిక్‌లో అడగండి. అది వాతావరణాన్ని బట్టి ఆలస్యమవుతుంది, అందుకే తిరుగు ప్రయాణపు టికెట్టుకు ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.